సమూయేలు వినిన స్వరము, ఏలీ అడిగిన ప్రశ్న

వాక్యభాగము: 1 సమూయేలు 3:1-18



మన సంఘముల పెద్దలు నలుగురు ఎక్కడ కూడుకొన్నను, టీ గ్లాసులు ఖాళీ అగు వేళకు మాట ఒక చోటికే వచ్చి చేరుచుండును. "మా పిల్లవాడు మందిరమునకు వచ్చుట మానివేసినాడండి" అని ఒకరందురు. "మా అమ్మాయి భక్తిగలదే గాని ఆదివారము ఇంకొక ఇంగ్లీషు చర్చికి పోవుచున్నది" అని మరియొకరందురు. బెంగుళూరు, చెన్నై, బరంపురము, రాయగడ, షోలాపూరు, ఊరు ఏదైనను మాట ఒక్కటే. అందరును తల ఊపుదురు. కాలము చెడిపోయినదనియు, సెల్‌ఫోను పిల్లలను పాడుచేసినదనియు తేల్చి లేచిపోవుదురు. ఎవరిని గూర్చి అంతసేపు మాటలాడినారో ఆ పిల్లవాడు మాత్రము ఆ కూడికలో ఉండడు. అతనిని పిలువవలెనని ఎవరికిని తోచదు.

ఈ ఫిర్యాదులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నవి. మందిరమునకు రాకపోవుట ఒకటి, దేవుని విడిచిపెట్టుట మరియొకటి. మొదటిది హాజరు పుస్తకములో కనబడును. రెండవది అడిగితేనే గాని తెలియదు. ఇరువది నుండి ముప్పది ఏండ్ల వయస్సులో ఉన్న మన యౌవనస్థుల ఆత్మీయ జీవితము ఎట్లున్నదో తెలిసికొనుటకు సంఘము ఏమి చేయవలెను? ఈ ప్రశ్నతో షిలోహులోని మందిరములోనికి వెళ్లుదము.

ఆ దినములలో దేవుని వాక్కు అరుదుగా వినబడుచుండెనని గ్రంథము చెప్పుచున్నది. ఏలీ వృద్ధుడు, అతనికి కన్నులు సరిగా కనబడవు. బాలుడైన సమూయేలు దేవుని మందసమున్న మందిరములోనే పండుకొనుచుండెను. రాత్రివేళ అతనికి పిలుపు వినబడెను. అతడు లేచి ఏలీ యొద్దకు పరుగెత్తెను. "నేను పిలువలేదు, పోయి పండుకొనుము" అను భావముతో ఏలీ అతనిని పంపివేసెను. రెండవసారియు అట్లే జరిగెను. మూడవసారికి గాని ఏలీకి సంగతి తెలియలేదు.

ఇక్కడ 7వ వచనము మన దృష్టికి రావలెను. సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగడని అచ్చట వ్రాయబడి ఉన్నది. ఎంత ఆశ్చర్యము! తల్లి హన్నా పాలు విడిచిన వెంటనే అతనిని తెచ్చి మందిరములో విడిచినది. అతడు నార ఏఫోదు ధరించి పరిచర్య చేయుచున్నాడు. దీపము దగ్గర, మందసము దగ్గర నిద్రించుచున్నాడు. అయినను దేవుని స్వరమును గుర్తుపట్టలేకపోయెను. సండే స్కూలులో పెరిగి, కంఠత వాక్యములకు బహుమతులు తెచ్చుకొని, క్రిస్మస్ నాటకములో గొల్లవాని వేషము వేసిన మన పిల్లలు పెద్దవారై "నాకు దేవుడెవరో ఇంకను సరిగా తెలియదు" అన్నప్పుడు మనకు కోపము వచ్చును. సమూయేలు విషయములో పరిశుద్ధ గ్రంథము ఆ మాటను దాచకుండ వ్రాసినది.

ఇంకొక సంగతి. దేవుడు పిలిచినప్పుడు ఆ స్వరము ఏలీ స్వరమని సమూయేలు అనుకొనెను. అధికారముతో పిలువగల స్వరము అతడు ఎరిగినది అదొక్కటే. మన యౌవనస్థులకు దీనికి తిరుగుడుగా జరుగుచున్నది. లోపల దేవుడు కదిలించినను, అది "పెద్దల మాట" వలె వినబడును గనుక వారు చెవి మూసికొందురు. ఇది దేవుని పిలుపు, ఇది నాన్నగారి కోపము అని విడదీసి చూపగల వారొకరు కావలెను. ఏలీ ఆ రాత్రి చేసిన మేలు అదియే. అతడు సమూయేలుకు బదులు తాను లేచి దేవునితో మాటలాడలేదు. బాలుడు ఏమి చెప్పవలెనో నేర్పి, తిరిగి అదే చోటికి పంపెను.

ఇప్పుడు మన యౌవనస్థులు ఎక్కడ పండుకొనుచున్నారో, ఎప్పుడు లేచుచున్నారో చూతము. కోలారు గోల్డ్ ఫీల్డ్సులో మన తాతలు చిత్తూరు ప్రాంతమునుండి పోయి గనులలో దిగినారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడినవి. అంతకు ముందు గని సైరను ఊరంతటికి ఒకే గడియారము. ఏ షిఫ్టు ఎప్పుడు దిగునో, ఎప్పుడు ఎక్కునో అందరికిని తెలియును గనుక ప్రార్థన కూటములు ఆ వేళలకు సరిపెట్టుకొన్నవి. ఇప్పుడు ఆ ఊరి పిల్లలు వేలమంది తెల్లవారక ముందే మారికుప్పము, బంగారుపేట స్టేషనులలో రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి తిరిగి వచ్చుచున్నారు. శుక్రవారము సాయంత్రము ఏడు గంటల గృహప్రార్థన వేళకు ఆ పిల్లవాడు ఇంకను రైలులోనే నిలువబడి ఉండును. హాజరు పుస్తకములో అతని పేరు ఎదుట సున్నా. గని షిఫ్టునకు తగినట్లు తాతలు కూటపు వేళను మార్చుకొన్నారు. రైలు వేళకు మార్చుకొనుట ఏమంత అసాధ్యము? రాత్రి పూట అమెరికా కంపెనీలకు పనిచేసి ఆదివారము ఉదయము ఇల్లు చేరువారి సంగతియు అంతే.

ఆ రైలులో ఆ పిల్లవాడు ఏమి చేయుచున్నాడు? చెవులలో పెట్టుకొన్న తీగలలోనుండి సినిమా పాట వచ్చుచుండవచ్చును. కొందరికి ఆరాధన గీతము గాని, ఎవరో ఇంగ్లీషు, తమిళ బోధకుని ప్రసంగము గాని వచ్చుచున్నది. వారితో మాటలాడినప్పుడు తెలియుచున్నదేమనగా, అనేకులు ప్రార్థన మానలేదు. బిగ్గరగా ప్రార్థించుట మానినారు. ఇంటర్వ్యూకు ముందు, ప్రయోగశాల రిపోర్టు కొరకు ఎదురుచూచునప్పుడు, ఉద్యోగము ఊడిన రాత్రి, స్నేహితుడు ప్రాణము తీసికొన్న వార్త విన్నప్పుడు వారు దేవునితో మాటలాడుచున్నారు. కొందరు ఆయనతో పోట్లాడుచున్నారు. యోబు పోట్లాడలేదా? ఆ సంగతులు సాక్ష్యముల వేళ లేచి చెప్పుటకు వీలు లేనివి. మన సాక్ష్యములకు ఒక అలవాటైన నడక ఏర్పడి ఉన్నది. కష్టము వచ్చినది, ప్రార్థించినాము, కష్టము పోయినది, దేవునికి స్తోత్రము. కష్టము ఇంకను పోని వానికి ఆ వరుసలో నిలువబడుటకు చోటు లేదు.

మనము బాప్తిస్టులము. ఈ మాటను ఇక్కడ కొంచెము నిదానముగా ఆలోచింపవలెను. శిశువుకు నీళ్లు చల్లి సభ్యునిగా వ్రాసికొను ఆచారము మనకు లేదు. తన నోటితో తన విశ్వాసమును ఒప్పుకొన్న వానికే బాప్తిస్మము. అందుకే బాప్తిస్మమునకు ముందు పాస్టరుగారు, డీకన్లు ఆ పిల్లవానిని కూర్చుండబెట్టి అడుగుదురు. "నీవు పాపివని ఎట్లు తెలిసికొన్నావు? ప్రభువు నీకు ఏమగును?" ఆ దినమున పదునాలుగు, పదునైదేండ్ల బిడ్డ వణకుచు చెప్పిన రెండు మాటలను సంఘమంతయు చెవియొగ్గి వినును. తల్లి కన్నీరు తుడుచుకొనును. తరువాత పదేండ్లు గడచును. ఆ బిడ్డ డిగ్రీ చదివెను, ఊరు మారెను, తండ్రిని సమాధి చేసెను, ప్రేమించెను, విరిగిపోయెను, డార్విను చదివెను, అన్యమతస్థులైన మంచి స్నేహితులను సంపాదించుకొనెను. "ఇప్పుడు నీకు ప్రభువు ఏమగును?" అని ఆ పదేండ్లలో ఎవరైనను అడిగినారా? అడిగిన ప్రశ్నలు వేరు. ఉద్యోగమెక్కడ, జీతమెంత, పెండ్లి ఎప్పుడు. యౌవనస్థుల ఆత్మీయతను తెలిసికొనుటకు క్రొత్త పద్ధతులు పరదేశమునుండి తెచ్చుకొన నక్కరలేదు. బాప్తిస్మపు నీళ్ల దగ్గర అడిగిన ప్రశ్ననే మరల అడుగవచ్చును. అప్పుడు నేర్పిన జవాబు కొరకు అడిగితిమి. ఇప్పుడు తెలియని జవాబు కొరకు అడుగుదము.

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలోనే దీనికి ఒక మాదిరి కలదు. యెర్రగుంట్ల పేరయ్య అను పేరు మీలో పెద్దలు విని ఉందురు. ఒంగోలుకు పశ్చిమముగా ఉన్న పల్లెలవాడు, తోళ్ల వ్యాపారమునకై ఊరూరు తిరిగినవాడు. 1866లో జూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొందెను. ఆయన మూలముగా ఆయన బంధుజనములో ఎంత గొప్ప కార్యము జరిగెనో, 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది ఎట్లు బాప్తిస్మము పొందిరో మనము ప్రతి జూబిలీలో చెప్పుకొందుము. దానికి ముందరి భాగము మాత్రము తక్కువగా చెప్పుకొందుము. పేరయ్య సువార్త వినక ముందే దేవుని వెదకుచున్నవాడు. ఒక స్త్రీ గురువు యొద్ద యోగము నేర్చుకొని, విగ్రహములతో తృప్తిపడక ధ్యానములో గడపినవాడు. ఈ సంగతి మనకెట్లు తెలిసెను? క్లౌ దొరగారి రెండవ భార్య యెమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు ఆ తరపు వృద్ధ బోధకులనుండి వారి పాత భక్తిని గూర్చి అడిగి తెలిసికొని, 1899లో "వైల్ సోయింగ్ సాండల్స్" అను పుస్తకముగా అచ్చువేయించినందున తెలిసెను. "అదంతయు అంధకారము, వదలివేయుడి" అని ఆమె వారిని ఆపలేదు. ఆ పల్లెలలో దేవుడు ముందే ఏమి చేయుచుండెనో తెలిసికొన గోరెను. మనవడు యోగా క్లాసుకు పోయినాడని, మనుమరాలు రాత్రివేళ మౌనముగా కూర్చుండి ధ్యానము చేయుచున్నదని వినగానే ఉలికిపడు తాతగారు, ముందు ఆమె వలె అడుగుట మంచిది. బోధ తరువాత చెప్పవచ్చును, తప్పక చెప్పవలెను గూడ. దేనికొరకు ఆకలిగొని ఆ పిల్ల అక్కడికి పోయినదో తెలియనిదే ఏమి వడ్డింతుము?

ఇక భాష సంగతికి వత్తము. తెలుగునేల వెలుపల ఉన్న మన సంఘములన్నిటికి ఇది గొంతులో ముల్లు. యానాములో ఈ చిక్కు తక్కువ, అక్కడ ఇల్లును వీధియు తెలుగే. మిగిలిన చోట్ల మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. తమిళనాడులో 2006 చట్టము తరువాత ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరి అయినది. కర్ణాటకలో కన్నడము, ఒడిషాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ. ఇంగ్లీషు ఎటులును ఉన్నది. పిల్లలు కీర్తనలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని పాడుచున్నారు. అది చూచి కొందరు పెద్దలు నెహెమ్యా 13:24 ఎత్తుదురు. యూదుల పిల్లలలో సగము మంది అష్డోదు భాష మాటలాడుచుండిరనియు, తమ భాష వారికి రాలేదనియు నెహెమ్యా ఎంతో కోపించెను. తరువాతి వచనములో కొందరిని కొట్టి తలవెండ్రుకలు గూడ పెరికివేసెను! (ఆ వచనమును ఎత్తు పెద్దలు అంతవరకు పోరనియే మన నమ్మకము.)

అదే గ్రంథములో 8వ అధ్యాయము కలదు. నీటి గుమ్మము ఎదుటి మైదానములో తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు ఎజ్రా ధర్మశాస్త్రము చదివెను. జనులు బబులోను చెరనుండి తిరిగి వచ్చిన వారి సంతతి. ఆ పాత మాటలు అందరికి తేటగా తెలిసినవని చెప్పలేము. లేవీయులు జనుల మధ్యను నిలిచి, చదివినదానిని విడమరచి, అర్థము చెప్పుచు వచ్చిరి. జనులకు అర్థమైనందుననే వారు ఏడ్చిరి, అర్థమైనందుననే సంతోషించిరి. జుట్టు పెరికిన చోట ఎవరైనను మారుమనస్సు పొందిరని వ్రాయబడలేదు. అర్థము చెప్పిన చోట వ్రాయబడినది.

అర్థము చెప్పుట ఎంత అవసరమో ఒక మాటతో చూడుడి. మన తెలుగు బైబిలులో "సమాధానము" అనగా శాంతి. హైదరాబాదు పిల్లవానికి అది ప్రశ్నకు జవాబు. మరాఠీ చదివిన పిల్లకు అది తృప్తి. ఒడియా చదివిన వానికి చిక్కు విడదీయుట. చెన్నైలో తమిళము చదివిన మన బిడ్డకు మాత్రము అది శాంతియే, తమిళములో నేటికిని ఆ మాటకు ఆ అర్థమే. చూచితిరా? తెలుగు రాదని మనము చిన్నచూపు చూచు చెన్నై బిడ్డ మన బైబిలు మాటను తెలుగునేల బిడ్డకంటె సరిగా గ్రహించుచున్నది. "అవసరము" అను మాట దీనికి తిరుగుడు. దేవుడు మన ప్రతి అవసరము తీర్చునని ఫిలిప్పీయులకు పౌలు వ్రాసినదానిని చదివినప్పుడు, తమిళ కన్నడములలో పెరిగిన పిల్లకు "తొందర" అని వినబడును. ఆలోచించిన, ఆ వయస్సు వారి తొందరలు తీర్చువాడును ఆయనయే గదా! పాస్టరుగారు ప్రసంగములో ఇట్టి ఒక్క మాటను పట్టుకొని, "మీ బడిలో దీనికేమి అర్థము?" అని యౌవనస్థులను అడిగిన యెడల అయిదు నిమిషములు పోవును. ఆ అయిదు నిమిషములు వారు నిద్రపోరు.

ఆరాధనంతయు ఇంగ్లీషులోనికి మార్చివేయుదమను వారితో మేము ఏకీభవింపము. ఇంగ్లీషు ఆరాధన కావలసినవారికి పట్టణములో పెద్ద పెద్ద చర్చిలు ఉన్నవి. వాటి ప్రక్కన మనది చిన్న నకలుగా నిలుచును. పైగా అవ్వ ఏ భాషలో ప్రార్థించునో ఆ భాష పిల్లల లోపల ఎక్కడో మిగిలి ఉండును. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు, విశ్వాసము మాత్రము అవ్వ లోయి నుండియు తల్లి యునీకే నుండియు వచ్చినది. అట్లని తెలుగు అక్షరములు రానివానికి వాక్యము చదువు వంతు ఇయ్యకుండుట న్యాయము కాదు. అతడు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని తెలుగు వాక్యము చదివిన యెడల ఆకాశము విరిగి పడదు. మన తెలుగు బాప్తిస్టుల కథయు తిన్నగా ఒక్క ఊరిలో సాగినది కాదు. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరక ముందు మద్రాసులో ఉండినవాడే.

ఇంతవరకు సులువైన భాగము. ఇక కష్టమైనది.

ఉదయమున సమూయేలు లేచి మందిరపు తలుపులు తీసెను. రాత్రి అంత గొప్ప దర్శనము కలిగినను పని మానలేదు. గాని ఏలీకి ఆ సంగతి చెప్పుటకు భయపడెను. ఎందుకనగా ఆ వాక్కు ఏలీ ఇంటిమీద వచ్చిన తీర్పు. ఏలీ కుమారులైన హొఫ్నీ ఫీనెహాసులు ఏమి చేయుచుండిరో 2వ అధ్యాయములో ఉన్నది. బలియర్పించు వారి మాంసము ఉడుకుచుండగా మూడు ముండ్ల కొంకి గుచ్చి, పైకి వచ్చినదంతయు తీసికొనుచుండిరి. మందిరములో పెరుగుచున్న బాలుడు ఇది చూడలేదందురా? పిల్లలు చూచుచుందురు.

మన యౌవనస్థులు చూచుచున్నవి ఏవి? సంఘ ఎన్నికలలో రెండు వర్గములై ఒకరినొకరు పలుకరించుకొనని పెద్దలను చూచుచున్నారు. మిషను ఆస్తులను గూర్చి కోర్టులలో ఏండ్ల తరబడి నలుగు కేసులను చూచుచున్నారు. క్రీస్తునందు భేదము లేదని ప్రసంగము విని, ఇంటికి వచ్చి పెండ్లి సంబంధము దగ్గర కులము, ఉపకులము అడుగుటను వినుచున్నారు. చెడ్డపేరు వచ్చిన ఆడపిల్ల కుటుంబము వెనుక వరుసకు జరిగిపోవుటను చూచుచున్నారు, అదే పనిలో పాలుపొందిన పిల్లవాడు గిటారు వాయించుచునే ఉండును. కూటములలో వారు మౌనముగా ఉన్నప్పుడు ఆసక్తి లేదని అనుకొందురు. అనేక సార్లు అది సమూయేలు భయము. చెప్పిన యెడల ఈ పెద్దాయన మనస్సు నొచ్చుకొనును, లేదా సాయంత్రమునకు మా నాన్నకు చేరవేయును.

ఏలీలో ఎన్ని లోపములున్నను ఇక్కడ అతనిని మెచ్చుకొనక తప్పదు. "నా కుమారుడా" అని పిలిచి, దేవుడు చెప్పినది ఏదియు దాచవద్దని ఆనపెట్టి అడిగెను. సమూయేలు దాచక చెప్పెను. చెప్పిన మాటలు ఏలీ గుండెను కోసివేయునవి. అయినను "నిన్నగాక మొన్న వచ్చిన వాడవు, నాకు చెప్పుదువా?" అని అతడు అనలేదు. బాలుని నోట వచ్చినది దేవుని మాట అని ఒప్పుకొని తల వంచెను. వృద్ధుడైన యాజకుడు, పాలుగారు బుగ్గల పిల్లవాని యెదుట!

అయితే ఏలీ అక్కడ ఆగిపోయెను. విన్నాడు, ఒప్పుకొన్నాడు. కుమారులను ఆ పనినుండి తొలగించినట్లు ఎక్కడను లేదు. తరువాతి అధ్యాయములో మందసము పట్టుబడినది, కుమారులు చచ్చిరి, అతడు పీఠమునుండి వెనుకకు పడి ప్రాణము విడిచెను. విని ఊరకుండుట ఎక్కడికి తెచ్చునో ఆ అధ్యాయము చదివినప్పుడు భయము వేయును. కొన్ని సంఘములలో "యూత్ సండే" పెట్టి, యౌవనస్థుల మాటలు ఒక పూట విని, చప్పట్లు కొట్టి, మరుసటి వారమునుండి యథాప్రకారము నడుపుచున్నారు. అంతకంటె అడుగకుండుటయే నయము. ఒకసారి చెప్పి మోసపోయినవాడు రెండవసారి నోరు విప్పడు.

విని మార్చుకొనిన సంఘము ఎట్లుండునో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో చూతుము. గ్రీకుభాష మాటలాడు యూదులు సణిగిరి. వారు బయటి దేశములలో పుట్టి పెరిగినవారు, మన వంటివారే. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రకు అన్యాయము జరుగుచున్నదని వారి ఫిర్యాదు. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచుకొనుడని సంఘమునకే చెప్పిరి. ఏర్పడిన వారి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే! ఎవరి పక్షమునుండి సణుగుడు వచ్చినదో ఆ పేర్లు గలవారి చేతికే బల్లల పనిని, దానితోపాటు లెక్కలను అప్పగించిరి. ఆ ఏడుగురిలో ఒకడు మొదటి హతసాక్షి ఆయెను, మరియొకడు సమరయకు సువార్త తీసికొనిపోయెను.

మన సంఘములలో ఇరువదిరెండేండ్ల బిడ్డ బాప్తిస్మము పొందిన సభ్యుడైన యెడల సంఘపు మీటింగులో అతనికిని డీకనుగారికిని ఒక్కొక్కటే ఓటు. ఇది మన బాప్తిస్టు పద్ధతి. ఆచరణలో ఆ బిడ్డకు దొరకు పనులేవి? కుర్చీలు వేయుట, మైకు సరిచేయుట, క్రిస్మస్ నక్షత్రము కట్టుట, క్వయరు. ఇవన్నియు మంచి పనులే. బ్యాంకులో కోట్ల లెక్క చూచు అమ్మాయికి సంఘపు కానుకల లెక్క ఎందుకు చూపించరో మాకు అర్థము కాదు. ఆసుపత్రిలో నర్సుగా రాత్రింబగళ్లు మరణమును చూచుచున్న ఆడబిడ్డను, రోగుల కొరకైన ప్రార్థనను నడిపింపుమని అడిగిన సంఘములెన్ని? ఆమెకు ఆ విషయములో తెలిసినది ప్రసంగ వేదిక మీద ఉన్నవారికి తెలియకపోవచ్చును.

కావున ప్రతి సంఘమునకు మేము చేయు మనవి ఇది. నెలకు ఒక ఆదివారము, ఆరాధన తరువాత గాని, రైలు షిఫ్టులవారికి వీలైన రాత్రి వేళ గాని, ఇద్దరు పెద్దలు యౌవనస్థులతో కూర్చుండవలెను. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండవలెను, ఆడపిల్లలు మాటలాడవలెనన్న అది లేక సాగదు. తన సొంత బిడ్డ ఉన్న గుంపులో ఏ పెద్దయు కూర్చుండరాదు. ప్రసంగము వద్దు. బాప్తిస్మము నాటి ప్రశ్న ఒక్కటి చాలును: ఇప్పుడు ప్రభువు నీకు ఏమగును? జవాబు తెలుగులో వచ్చినను, కన్నడములో వచ్చినను, ఇంగ్లీషులో వచ్చినను, కన్నీళ్లతో వచ్చినను వినవలెను. విన్నది ఇంటికి మోసికొనిపోకూడదు. ఎవరైనను ప్రాణము మీది నిరాశలో ఉన్నట్లు తోచిన యెడల ప్రార్థించి వదలివేయక, ఆ బిడ్డతో చెప్పి వైద్యుని యొద్దకు వెంటబెట్టుకొని పోవలెను. సంఘమును గూర్చి వారు చెప్పిన ఫిర్యాదులలో ఒకటి, కనీసము ఒకటి, ఎవరి పేరును ఎత్తకుండ మరుసటి సంఘ మీటింగు అజెండాలో వ్రాయవలెను. ఆ సంగతి ఏమాయెనో మరుసటి నెల వారికి తిరిగి చెప్పవలెను.

మొదటి నెల ముగ్గురే రావచ్చును, వారును సెల్‌ఫోను చూచుచు కూర్చుండవచ్చును. ఏలీకి మూడు పిలుపులు పట్టినవి గదా. రెండవ నెల మరల పిలువుడి. టీ మాత్రము పదిమందికి సరిపడ పెట్టించుడి.